మంచం పడితేనే చెల్లే కార్డు

శ్రీకాళహస్తిలో ఒక కలంకారీ పనివాడి వేళ్ళ మధ్య నుంచి ఉన్నట్టుండి కలం జారిపోయిందనుకోండి. మూతి ఒక పక్కకు లాగుతుంది. పలకరిస్తే మాట ముద్దగా వస్తుంది. ఇంట్లోవాళ్ళు కంగారుపడి ముఖాన నీళ్ళు చల్లి పడుకోబెడతారు. పది నిమిషాల్లో చెయ్యి మామూలవుతుంది, మాట తేటపడుతుంది, ఆయన లేచి మళ్ళీ గుడ్డ ముందు కూర్చుంటాడు. ఆ సాయంత్రం ఆ ఇంట్లో చర్చంతా డబ్బు చుట్టూనే తిరుగుతుంది. "తగ్గిపొయ్యింది గదా, ఇంగ తిరపతికి ఎందుకు?" అంటారొకరు. "అంత దూరం పోతే ఊరికే వదుల్తారా, స్కానింగులని వేలు గుంజుతారు" అంటారింకొకరు. చేతిలో డబ్బు లేని ఇంట్లో ఇవి తెలివితక్కువ మాటలు కావు. ఆ లెక్క ఎంతవరకు నిలుస్తుందో, ఆ ఇంటిని ఆ లెక్కలోకి నెట్టిందెవరో చూద్దాం.

డాక్టర్లు దీన్ని టీఐఏ అంటారు. జనం నోట మినీ స్ట్రోక్ అయింది. మెదడుకు రక్తం తీసుకెళ్ళే నాళంలో చిన్న గడ్డ అడ్డుపడి, కాసేపటికి కరిగిపోతుంది. అడ్డు తొలగింది కాబట్టి లక్షణాలు పోతాయి. ఆ గడ్డ పుట్టిన చోటు మాత్రం అలాగే ఉంటుంది: మెడలోని కెరోటిడ్ ధమనిలో పేరుకున్న కొవ్వు కావచ్చు, మెదడు లోపలే సన్నబడిన నాళం కావచ్చు, లయ తప్పిన గుండె కావచ్చు. పూర్వం 24 గంటల్లో తగ్గితే టీఐఏ, తగ్గకపోతే స్ట్రోక్ అని కొలత పెట్టుకున్నారు. 2009లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఆ గడియారాన్ని పక్కనపెట్టి, మెదడు కణజాలం చచ్చిందా లేదా అన్నదాన్నే గీటురాయి చేసింది. లక్షణాలు పూర్తిగా తగ్గినవారిలోనూ సుమారు మూడోవంతు మందికి ఎంఆర్ఐలో మచ్చ కనబడుతుంది. వైద్యశాస్త్రం వైపు నుంచి ఇది మంచి మార్పే. కూలివాడి వైపు నుంచి చూస్తే, జబ్బుకు పేరు పెట్టించుకోవాలన్నా ముందు ఎంఆర్ఐ బిల్లు కట్టాలి.

పది నిమిషాల తిమ్మిరికి ఇంత హడావుడి దేనికని అడిగేవారికి పాత జవాబొకటి ఉంది. కాలిఫోర్నియాలో అత్యవసర విభాగాలకు టీఐఏతో వచ్చిన 1,707 మందిని క్లేబోర్న్ జాన్‌స్టన్ బృందం వెంటాడి గమనించి, 2000లో ఫలితం ప్రకటించింది. 90 రోజుల్లో నూటికి పది మందికి పైగా అసలు స్ట్రోక్ వచ్చింది. అందులో సగం మొదటి రెండు రోజుల్లోనే వచ్చింది. వైద్యం మెరుగైనకొద్దీ ఈ ప్రమాదం తగ్గింది. 21 దేశాల్లోని నిపుణుల క్లినిక్కుల్లో చూపించుకున్నవారి లెక్క 2016లో బయటికి వచ్చినప్పుడు, ఏడాది మొత్తం మీద స్ట్రోక్ వచ్చినవారు 5.1 శాతమే. అయితే అది చూపించుకున్నవారి లెక్క. ఇంట్లో పడుకుని లేచినవారికి పాత లెక్కే వర్తిస్తుందనుకోవాలి. శనివారం కూలి డబ్బులు అందాక వెళ్దామనుకునే మనిషికి, ఆ శనివారం లోపే ప్రమాదంలో పెద్ద భాగం వచ్చి పోతుంది.

ఆక్స్‌ఫర్డ్ చూపించిన లెక్క

మినీ స్ట్రోక్ రోగిని ఆసుపత్రిలో చేర్చుకోవాలా, ఓపీలోనే చూసి పంపాలా అన్నది చాలాకాలం నలిగిన ప్రశ్న. దానికి బలమైన జవాబు ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చింది. పీటర్ రాత్‌వెల్ బృందం ఎక్స్‌ప్రెస్ అనే అధ్యయనాన్ని రెండు దశల్లో నడిపింది. 2002 ఏప్రిల్ నుంచి 2004 సెప్టెంబరు దాకా, కుటుంబ వైద్యుడు చీటీ రాస్తే క్లినిక్కు అపాయింట్‌మెంట్ ఇచ్చేది; అక్కడి నిపుణులు మందులు సూచిస్తే, వాటిని మళ్ళీ కుటుంబ వైద్యుడే రాసేవాడు. 2004 అక్టోబరు నుంచి అపాయింట్‌మెంట్ తీసేశారు. రోగి ఆ రోజే నేరుగా రావచ్చు, మందులు క్లినిక్కులోనే మొదలవుతాయి. మారింది ఇంతే. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. మొదటి దశలో మందు మొదలవడానికి మధ్యస్థంగా 20 రోజులు పట్టేది, రెండో దశలో ఒక్క రోజు. 90 రోజుల్లో మళ్ళీ స్ట్రోక్ వచ్చే ప్రమాదం 10.3 శాతం నుంచి 2.1 శాతానికి పడిపోయింది.

2007లో లాన్సెట్‌లో వచ్చిన ఈ ఫలితాన్ని డాక్టర్లందరూ చెప్పుకుంటారు. రెండేళ్ళ తర్వాత అదే బృందం ఖర్చుల లెక్క వేసి చూపిన సంగతి మాత్రం మన దగ్గర పెద్దగా చర్చకు రాదు. ఆ లెక్క ప్రకారం రోగులు ఆసుపత్రి మంచాల మీద గడిపిన రోజులు మూడోవంతుకు తగ్గాయి, ఒక్కో రోగి మీద సుమారు 624 పౌండ్లు మిగిలాయి. ఓపీని వేగవంతం చేయడానికి ఖర్చుపెట్టిన సొమ్ము వార్డులో తిరిగొచ్చింది. పారిస్‌లో బిషా ఆసుపత్రి 24 గంటలూ తెరిచి ఉండే టీఐఏ క్లినిక్కు నడిపి చూసింది. వచ్చినవారిలో 74 శాతం మందిని అదే రోజు ఇంటికి పంపేశారు. రోగుల పరిస్థితిని బట్టి 90 రోజుల్లో 6 శాతం దాకా స్ట్రోకులు రావచ్చని అంచనా వేస్తే, వచ్చినవి 1.24 శాతం. ఇక చేర్చుకోవడం గురించి: 2005లో అమెరికాలో ఒక లెక్క వేశారు. మళ్ళీ స్ట్రోక్ వస్తే గడ్డ కరిగించే ఇంజెక్షన్ వెంటనే ఇవ్వొచ్చు కదా అని ప్రతి టీఐఏ రోగినీ 24 గంటలు ఆసుపత్రిలో ఉంచితే, ఆరోగ్యంగా గడిపే ఒక సంవత్సరాన్ని అదనంగా సంపాదించడానికి 55 వేల డాలర్ల పైచిలుకు ఖర్చవుతుందని తేలింది. అమెరికాకే అది అంచున నిలబడిన బేరం.

మందుల విషయంలో తూర్పు దేశాల మాటే ముందుంది. చైనాలో 5,170 మంది మీద జరిపిన చాన్స్ పరీక్ష 2013లో వెలువడింది. ఆస్పిరిన్ ఒక్కటే ఇచ్చినవారిలో 90 రోజుల్లో 11.7 శాతం మందికి స్ట్రోక్ వస్తే, మొదటి మూడు వారాలు ఆస్పిరిన్‌తో క్లోపిడోగ్రెల్ కలిపి, ఆ తర్వాత క్లోపిడోగ్రెల్ ఒక్కటే ఇచ్చినవారిలో 8.2 శాతం మందికే వచ్చింది. ఈ ఫలితం మనకు పారిస్ ఫలితం కన్నా దగ్గరిది. ఆసియావాసుల్లో మెదడు లోపలి నాళాలు సన్నబడటం ఎక్కువ. హైదరాబాదులో నిమ్స్ వైద్యులు ఏళ్ళ తరబడి నమోదు చేసిన రోగుల్లోనూ అదే కనబడింది. మెడ దగ్గర కోసి శుభ్రం చేసే ఆపరేషన్ పాశ్చాత్యుల ఖర్చు లెక్కల్లో పెద్ద పద్దు. మనవాళ్ళలో చాలామందికి అది పనికిరాదు, కొందరికే అవసరం. మన రోగిని కాపాడేవి ముఖ్యంగా మాత్రలు. అందులో ఆస్పిరిన్ 75 మాత్ర ఖరీదు రూపాయి కూడా ఉండదు. మందు ఇంత చవకైనప్పుడు అసలు ఖర్చంతా ఎక్కడ పోతోంది?

స్వర్ణముఖి ఒడ్డు నుంచి రుయా దాకా

దారిలో పోతోంది. ఆర్థికశాస్త్రం చదివినవారు ఖర్చును మూడు పద్దులుగా రాస్తారు: ఆసుపత్రికి కట్టేది, ఆసుపత్రి దాకా వెళ్ళడానికయ్యేది, ఆ రోజు పోయిన కూలి. శ్రీకాళహస్తి లాంటి ఊరికి నాలుగో పద్దు కూడా రాయాలి. తప్పు గడప తొక్కినందుకయ్యే ఖర్చు.

ఆ నాలుగోది తరచుగా మొదటే తగులుతుంది. మొదటి గడప వీధి చివర ఆర్ఎంపీది. ఆయన బీపీ చూస్తాడు, పైన అంకె ఎక్కువుంటే నాలిక కింద మాత్ర పెడతాడు, బి-కాంప్లెక్సు సూది వేస్తాడు, నీరసమంటే గ్లూకోజు సీసా ఎక్కిస్తాడు. అర్ధరాత్రి తలుపు తట్టినా లేచి వచ్చేది ఆయనొక్కడే కాబట్టి ఆయన్ని ఆడిపోసుకోవడం తేలిక, మానేయడం కష్టం. కానీ మెదడుకు రక్తం చాలని వేళ బీపీని ఒక్కసారిగా దించడం ప్రమాదకరం. రోగికి మంచి జరిగిందనిపించడం అంతకన్నా ప్రమాదం, ఎందుకంటే లక్షణాలు ఎలాగూ తగ్గేవే. పేరు సూదికి వస్తుంది. రెండో గడప నాటువైద్యం. చిత్తూరు జిల్లా పడమటి కొసన బైరెడ్డిపల్లె మండలం విరూపాక్షిపురం పక్షవాతం మందుకు పేరు మోసింది. కర్ణాటక, తమిళనాడు నుంచి కూడా జనం వస్తారు. కాళహస్తి నుంచి అక్కడికి వెళ్ళడమంటే జిల్లాలు దాటే ప్రయాణం. ఆ మందు సంగతి ఎలా ఉన్నా, మినీ స్ట్రోక్ వచ్చిన మనిషికి ఆ ప్రయాణంలో కరిగిపోయేది మొదటి రెండు రోజులు.

ఊళ్ళో ఏరియా ఆసుపత్రి ఉంది. చీటీ ఉచితం, డాక్టరు ఉంటాడు, బీపీ, షుగరు, ఈసీజీ చూస్తారు. ఈ మూడింటికీ ఉన్న విలువ మనం గుర్తించం. షుగరు మందు వేసుకునే మనిషికి చక్కెర పడిపోతే అచ్చం మినీ స్ట్రోక్ లాగే ఉంటుంది. గ్లూకోమీటరు చుక్క ఒక్కటి ఎంఆర్ఐ ఖర్చు తప్పించగలదు. పార్శ్వపు నొప్పి, చిన్నపాటి మూర్ఛ, చెవిలోంచి వచ్చే తలతిరుగుడు కూడా ఇదే వేషం వేస్తాయి. ఏ దేశంలోనైనా టీఐఏ క్లినిక్కుకు పంపినవారిలో ఎందరికో చివరికి అది కాదని తేలుతుంది. అలా తేల్చడం కూడా ఖర్చులో భాగమే. మెదడు ఎంఆర్ఐ, నరాల నిపుణుడు ఒకేచోట కావాలంటే మాత్రం తిరుపతి దారి పట్టాలి. దూరం నలభై కిలోమీటర్ల లోపే. ఎస్వీ మెడికల్ కాలేజీకి అనుబంధంగా రుయా ఉంది, 1993 నుంచి టీటీడీ ఆధ్వర్యంలో స్విమ్స్ ఉంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడ్డాక కలెక్టరు కార్యాలయం కూడా అక్కడే. నక్షత్రాలు చూసుకుని రాహుకేతు పూజకు దేశం నలుమూలల నుంచి మనుషులు వచ్చే ఊరు నుంచి, రెండు పెద్దాసుపత్రులున్న ఊరికి గంట ప్రయాణం. కాగితం మీద చూస్తే రాయలసీమలో ఇంత అదృష్టమున్న పట్టణాలు కొన్నే.

ఆ గంట ప్రయాణం ఒక రోజును మింగుతుంది. ఓపీ చీటీ దొరకాలంటే తెల్లవారకముందే బయలుదేరాలి. తోడు మనిషి కావాలి. నిపుణుడు చూసి స్కానింగ్ రాస్తే దానికి వేరే తేదీ పడవచ్చు, రిపోర్టు చూపించడానికి ఇంకో రోజు. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలయ్యాక ఆడవాళ్ళకు రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల టికెట్టు పోయింది. భర్తకు తోడు వెళ్ళే భార్య ఛార్జీ మిగులుతోంది. ఓపీ ఖర్చులో ఒక చిన్న పద్దును ఆరోగ్యశాఖకు సంబంధం లేని పథకం తీసేసిందన్నమాట. మద్రాసుకో, నరాల వైద్యానికి తరాలుగా చిత్తూరు జిల్లా నమ్ముకున్న రాయవెల్లూరు సీఎంసీకో వెళ్ళేవారికి సరిహద్దు దాటాక ఆ వెసులుబాటు లేదు.

ఇక ప్రైవేటు దారి. ఒక నమూనా లెక్క వేద్దాం. నరాల డాక్టరు ఫీజు ఆరేడు వందలు. ఎంఆర్ఐకి ఐదారు వేల నుంచి మొదలు. మెడ డాప్లర్, గుండె ఎకో కలిపి మూడు వేల దగ్గర. కొవ్వు, షుగరు, కిడ్నీ రక్తపరీక్షలకు వెయ్యి. పదకొండు వేలనుకుందాం. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అంటే 36 రోజుల కూలి, పది నిమిషాల తిమ్మిరికి. పైగా ఇవన్నీ రెండు రోజుల్లోపు చేయాలి, అంటే నగదు ఆ పూట చేతిలో ఉండాలి. వడ్డీకి తెచ్చుకున్న డబ్బయితే ఆ వడ్డీ ఏ అధ్యయనంలోనూ కనబడని ఐదో పద్దు.

తర్వాత మాత్రలు. ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్, బీపీకొకటి, చాలామందికి షుగరు మాత్రలు. జనరిక్ దుకాణంలో నెలకు రెండు మూడు వందల్లో సరిపోయేది, కంపెనీ పేర్లు రాసిన చీటీతో వెయ్యి దాటడం మామూలు. గుండె లయ తప్పి, లేదా చిన్నప్పటి కీళ్ళవాతపు జ్వరంతో కవాటం దెబ్బతిని గడ్డలు పుడుతున్నవారికి రక్తం పలచబరిచే మందు వేరే ఉంటుంది. కవాటం దెబ్బతిన్నవారికి దానితోపాటు రక్తం ఎంత పలచబడిందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష పదే పదే తప్పదు, మళ్ళీ బస్సు తప్పదు. ఈ ఖర్చుకు చివరి తేదీ ఉండదు. మనిషి బాగానే ఉన్నాడు, పనికి వెళ్తున్నాడు, నెల తిరిగేసరికి మాత్రల డబ్బు మాత్రం కావాలి. మూడో నెలో నాలుగో నెలో మొదట ఆగిపోయేది కొవ్వు మాత్ర. అది మానేస్తే ఏ బాధా తెలియదు కదా. 2006లో వచ్చిన స్పార్కల్ పరీక్షలో ఐదేళ్ళపాటు అటోర్వాస్టాటిన్ వాడినవారిలో స్ట్రోకులు 13.1 శాతం నుంచి 11.2 శాతానికి తగ్గాయి. రోగి చూపు నుంచి అది కంటికి కనబడే లాభం కాదు. జేబు నుంచి పోయే డబ్బు కనబడుతుంది.

కార్డు ఎక్కడ చెల్లుతుంది

ఇంత ఖర్చుకు ఇంట్లో కార్డుంది కదా అంటారు. 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీగా మొదలై, పేర్లు మారుతూ ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకం రాష్ట్రంలో లక్షల కుటుంబాలను అప్పుల నుంచి తప్పించింది. అందులో అనుమానం లేదు. దాని పునాది మాత్రం మంచం. జాబితాలో ఉన్న చికిత్స కోసం చేరాలి. చేరిన దగ్గర నుంచి డిశ్చార్జి దాకా, ఆపై కొన్ని రోజుల మందుల దాకా సొమ్ము పథకాన్ని నడిపే ట్రస్టు కడుతుంది. నెట్‌వర్క్ ఆసుపత్రిలో పథకం తరఫున కూర్చునే ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్తే చీటీ, మొదటి పరీక్షలు ఉచితంగా చూసే ఏర్పాటు ఉన్నా, అది చేర్చుకోవాల్సిన రోగిని వడపోయడానికి పెట్టింది. నడుచుకుంటూ వచ్చి నడుచుకుంటూ వెళ్ళే మినీ స్ట్రోక్ రోగి ఆ జల్లెడలో నిలవడు. కేంద్రం 2018లో తెచ్చిన ఆయుష్మాన్ భారత్‌దీ అదే ధోరణి: చేరడానికి ముందు 3 రోజులు, తర్వాత 15 రోజులు లెక్కలోకి వస్తాయి, చేరితేనే. డబ్బు కట్టి కొనుక్కునే మెడిక్లెయిము పాలసీలు చాలావరకు 24 గంటలు ఆసుపత్రిలో ఉంటే గాని కదలవు. ఒకప్పుడు 24 గంటల్లోపు తగ్గేదాన్ని టీఐఏ అన్నారు, 24 గంటలు దాటితే బీమా అన్నారు. ఈ రెండు గీతల మధ్య రోగి జేబు నుంచి కట్టుకున్నాడు.

దీనికి జనం కనిపెట్టిన విరుగుడు అందరికీ తెలిసిందే. "అడ్మిట్ అయితే కార్డు మీద అయిపోతుంది" అనే మాట ఆసుపత్రి వరండాల్లో కొత్త కాదు. అవసరం లేని మంచం ఎక్కించడం వల్ల రోగికి రెండు రోజుల కూలి పోతుంది, ట్రస్టుకు వార్డు బిల్లు వస్తుంది, నిజంగా మంచం కావాల్సినవాడు వరండాలో పడుకుంటాడు. ఆక్స్‌ఫర్డ్ లెక్కను తిరగేసి అమలు చేయడమే ఇది.

ఆరోగ్యశ్రీ మీద వచ్చిన అధ్యయనాలు ఒకే మాట చెప్పవు. 2011లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాజన్ శుక్లా, వీణా శత్రుఘ్న, ఆర్. శ్రీవత్సన్ ఈ నమూనా లాభం ప్రైవేటు రంగానికే పోతోందని వాదించారు. మరుసటి ఏడాది విక్టోరియా ఫ్యాన్, అనూప్ కరణ్, అజయ్ మహల్ మొదటి తొమ్మిది నెలల అమలును పరిశీలించి, ఆసుపత్రిలో చేరినవారి సొంత ఖర్చు గణనీయంగా తగ్గిందని, ఓపీ ఖర్చు అంతకన్నా తక్కువగా తగ్గిందని తేల్చారు. నాకు ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకునేవిగా కనబడవు. పథకం ఎక్కడ వెలుతురు వేసిందో రెండో అధ్యయనం చెప్తే, ఎక్కడ చీకటి మిగిలిందో మొదటిది చెప్పింది. దేశం మొత్తం ఆరోగ్య ఖర్చులో జనం సొంతంగా పెట్టుకునే వాటా 2013-14లో 64.2 శాతం, 2021-22 నాటికి 39.4 శాతం అని జాతీయ ఆరోగ్య ఖాతాలు అంటాయి. 2017-18 జాతీయ నమూనా సర్వేలో, మంచం పట్టకుండా చూపించుకున్న జబ్బుల్లో ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళినవి నూటికి ముప్పై మాత్రమే. మిగతావి చాలావరకు ప్రైవేటు ఆసుపత్రిలోనో, ప్రైవేటు డాక్టరు దగ్గరో డబ్బిచ్చి చూపించుకున్నవే.

మినహాయింపు ఈఎస్ఐ. నెలకు 21 వేల లోపు జీతమున్న ఫ్యాక్టరీ కార్మికుడికి ఓపీ, పరీక్షలు, నెలనెలా మందులు అన్నీ అందులో ఉన్నాయి. తిరుపతిలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. రాచగున్నేరి దగ్గర పైపుల ఫ్యాక్టరీలో పనిచేసే మనిషికీ, అదే వీధిలో కలంకారీ వేసే మనిషికీ ఒకే రోజు చెయ్యి తిమ్మిరెక్కితే, ఆ బీమా పరిధిలో ఉన్నవాడికి దారి ఒకటి, లేనివాడికి దారి వేరొకటి. అరవై ఏళ్ళు దాటి ఫ్యాక్టరీ మానేసిన వాళ్ళలో చాలామంది మళ్ళీ రెండో దారికే వస్తారు, మినీ స్ట్రోకులు ఎక్కువయ్యే వయసులోనే.

ఇప్పుడు ఈ లెక్కలో నన్ను ఎక్కువగా కలవరపెట్టే పద్దు. 2024 జూలై 1 నుంచి ఎన్టీఆర్ భరోసా కింద, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి రాష్ట్రం నెలకు 15 వేల రూపాయల పింఛను ఇస్తోంది. ఆ పింఛను ఎక్కువని ఎవరూ అనరాదు. అలాంటి మనిషిని చూసుకునే ఇంటికి అది ఊపిరి. కానీ పక్కన ఇంకో అంకె రాసి చూడండి. ఏడాదికి 1,80,000 రూపాయలు. పైన వేసుకున్న ప్రైవేటు ధరలతోనే ఒక్కో మినీ స్ట్రోక్ రోగికి పదకొండు వేలైతే, ఆ సొమ్ముతో 16 మందికి రెండు రోజుల్లో అన్ని పరీక్షలూ పూర్తవుతాయి. ఆక్స్‌ఫర్డ్‌లో ఆలస్యానికీ వేగానికీ మధ్య తేడా నూటికి ఎనిమిది స్ట్రోకులు. 16 మందికి ఆ తేడా వర్తిస్తే ఒకటికి పైగా స్ట్రోక్ తప్పుతుంది. కాళహస్తి ఆక్స్‌ఫర్డ్ కాదు, ప్రతి స్ట్రోకూ మనిషిని మంచాన పడేయదు, కాబట్టి ఈ లెక్కను ఇక్కడికి అలాగే ఎత్తి తేకూడదు. మరోవైపు పింఛను ఒక ఏడాదితో ఆగదు, స్ట్రోక్ వార్డు బిల్లు, ఫిజియోథెరపీ, చూసుకోవడానికి పని మానేసిన కూతురి కూలి నేను కలపనేలేదు. ఎటు తిప్పి చూసినా, పడ్డాక పట్టుకోవడానికి పెట్టే సొమ్ములో కొంత పడకముందు పెట్టడం నష్టపు బేరం కాదు.

ఓపీకి డబ్బిస్తే దుర్వినియోగమవుతుందన్న వాదన ఉంది, దాన్ని తోసిపుచ్చలేం. ఎంఆర్ఐకి ప్యాకేజీ పెడితే తలతిరిగిన ప్రతివాడికీ మినీ స్ట్రోక్ అని రాసే కేంద్రాలు పుట్టుకొస్తాయి. ఆరోగ్యశ్రీలోనే గర్భసంచి ఆపరేషన్లు విచ్చలవిడిగా పెరిగితే, వాటిని ప్రభుత్వ ఆసుపత్రులకు పరిమితం చేయాల్సి వచ్చిన అనుభవం మనకుంది. ఆ అనుభవమే ఉపాయం కూడా చెప్తోంది. మినీ స్ట్రోక్ ప్యాకేజీని మొదట రుయా, స్విమ్స్ లాంటి చోట్లకే ఇవ్వొచ్చు. మంచం లేకుండా కార్డు చెల్లకూడదన్న నియమమేమీ ఆకాశం నుంచి ఊడిపడలేదు: డయాలసిస్‌కు రోగి రాత్రి పడుకోనక్కరలేదు, అయినా కార్డు చెల్లుతోంది. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం వైద్యసేవను 2.5 లక్షల దాకా బీమా సంస్థల ద్వారా, ఆపైన ట్రస్టు ద్వారా నడిపే కొత్త పద్ధతికి ఆమోదం తెలిపింది. బీమా సంస్థ లాభం చూసుకునే సంస్థ. స్ట్రోక్ వార్డు బిల్లు తగ్గించే ఓపీ ప్యాకేజీ ఎవరికైనా అర్థమవ్వాలంటే ముందు దానికే అర్థమవ్వాలి.

మాత్రల సంగతికి మన సరిహద్దులోనే పాఠముంది. తమిళనాడు 2021 ఆగస్టులో, తెలుగువాళ్ళు ఎందరో ఉండే కృష్ణగిరి జిల్లాలో మొదలుపెట్టి, బీపీ, షుగరు మాత్రలను ఇంటి గడప దగ్గరికి చేర్చే పథకం తెచ్చింది. 2017 చివర్లో మొదలైన జాతీయ బీపీ నియంత్రణ కార్యక్రమంలో తొలి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఆంధ్రలో 2023 ఏప్రిల్ 6న మొదలైన ఫ్యామిలీ డాక్టర్ విధానంలో 104 వాహనం ఊరూరా తిరిగింది. బీపీ మాత్ర ఊరికి చేర్చే బండిలో ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్ చేర్చడానికి కొత్త బండి అక్కరలేదు. అవగాహన కల్పిస్తే చాలనుకునేవారు మాత్రం స్ప్రింట్ ఇండియా ఫలితం చూడాలి. 31 ఆసుపత్రుల్లో 4,298 మంది స్ట్రోక్ రోగులకు 12 భాషల్లో సందేశాలు, వీడియోలు, పుస్తకం ఇచ్చి చూస్తే, మళ్ళీ స్ట్రోకులు రావడం తగ్గలేదని 2023లో తేలింది. తెలిసినంత మాత్రాన మాత్ర కొనలేడు.

ఏరియా ఆసుపత్రిలో కావలసింది పెద్దదేం కాదు. లక్షణాలు తగ్గిపోయినా వెనక్కి పంపకుండా ఆ పూటే చూసే నియమం, డ్యూటీ డాక్టరు గది గోడ మీద ఒక పేజీ సూచన, స్విమ్స్‌లోనో రుయాలోనో నరాల వైద్యుడితో ఫోను, అదే రోజు స్కానింగ్‌కు కేటాయించిన చోటు. ఇంగ్లండులో జాతీయ మార్గదర్శకాలు టీఐఏ అనుమానమున్న మనిషికి 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ వెంటనే ఇవ్వాలని, 24 గంటల్లో నిపుణుడు చూడాలని 2019లో చెప్పాయి. మొదటి సగం మన ఊళ్ళో ఈరోజే సాధ్యం, ఇవ్వొచ్చా లేదా అని డాక్టరు చూసి నిర్ణయిస్తే. సొంతంగా మింగకూడదు, మెదడులో రక్తస్రావమైతే అదే విషమవుతుంది. రెండో సగానికి జిల్లా యంత్రాంగం పూనుకోవాలి.

అది జరిగేదాకా ఇంటివాళ్ళ చేతిలో ఉన్నదింతే. మూతి వంకరపోయినా, మాట తడబడినా, ఒక పక్క చెయ్యో కాలో బలం తప్పినా, ఒక కంటి చూపు మసకబారినా, ఎన్ని గంటలకు మొదలైందో ఎప్పుడు తగ్గిందో కాగితం మీద రాసుకోండి. ఇంకా తగ్గకపోతే 108కి చేయండి. తగ్గిపోయినా సరే, వాడుతున్న మాత్రల అట్టలు పట్టుకుని అదే పూట ఏరియా ఆసుపత్రికి వెళ్ళండి, ఆర్ఎంపీ దగ్గర ఆగకండి. మాత్రలు జనరిక్ పేరుతో రాయమని అడగండి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఓపీ చీటీకి, బీపీకి, షుగరు చుక్కకు, ఈసీజీకి పైసా కట్టనక్కరలేదు.